వేరే న్యూట్రల్

కొళత్తూరులో దేశమ్మ మేడ మీద
అరవై రెండు తొట్లు.
గప్పీలు, మోలీలు, గాజుసీసాల్లో ఒంటరి ఫైటర్లు.
పోయిన కార్తీకం వానకి పదకొండు గంటలు కరెంటు లేకపోతే
తెల్లారి బకెట్లకెత్తి దించిందట,
కింది మెట్టు కొచ్చేసరికి లెక్క తప్పిందట.
"నాలుగు వందల దాకా గుర్తుంది నాయనా" అంది
శేరుతో బియ్యం కొలిచినంత మామూలుగా.

చేపలకి నీళ్ళలో ఊపిరాడదని
ఇరవయ్యేళ్ళుగా వైర్లు లాగుతున్న నాకు
అప్పుడే తెలిసింది.

రెండు బ్యాటరీలు, ఒక్కోటి యాభై అయిదు కిలోలు.
నేనూ ఇర్ఫానూ గోనెపట్టా కట్టి మోశాం,
మెట్టుకో బూతు, తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి.

"కరెంటు పోతే ఏమేం నడవాలో చెప్పమ్మా."
గాలిపంపులు రెండూ. అంతే.
ఫ్యానొద్దా?
"విసనకర్రుంది."
లైటు?
"చీకట్లో అవీ నిద్రపోతాయి, నేనూ పోతాను."
ఫోనుకి ఒక్క ప్లగ్గు మటుకు ఒప్పుకుంది,
అదీ బేరగాళ్ళు పిలుస్తారని.

లగ్గులు నొక్కి బిగించాను.
మొదటిదాని మైనస్సు రెండోదాని ప్లస్సు చెయ్యి పట్టుకుంటే
ఇరవై నాలుగు వోల్టులు.
ఎరుపుతో పేచీ లేదు. నలుపుతోనే తిరకాసు:
బ్యాటరీ కాడ నలుపు మైనస్సు,
గోడలోకెళ్తే నలుపు న్యూట్రల్.
పేరొకటే, ఇంటిపేర్లు వేరు.
గుర్తుకోసమని ఇర్ఫాను పచ్చ టేపు చుట్టబోయాడు.
పచ్చ భూమిదిరా, దాన్ని ఇంకెవరికీ ఇవ్వం.

ఎనిమిదిన్నరకి పని అయిపోయినట్టే ఉంది.
మా మెయిన్, కిందింటి మెయిన్, రెండూ దించాను.
పంపులు ఆగలేదు.
దేశమ్మ పప్పుండలు తెచ్చింది.
నోట్లో ఒకటి వేసుకుని, ఊరికే, అలవాటుకొద్దీ
కిందింటి బోర్డులో టెస్టరు పెడితే
చచ్చిపోవలసిన న్యూట్రల్
మిణుక్కుమంది.

మా బ్యాటరీలో బయల్దేరిన కరెంటు
మెట్లలైటు దగ్గర దారి తప్పి
కిందికి దిగి
వీధి వైపు చూస్తోంది.

వీధి మూల పిల్లర్ బాక్సు.
వానొస్తే దాని ముందు మోకాటిలోతు నీళ్ళలో ఏలుమలై ఉంటాడు,
వేళ్ళకి సరిపడని గ్లౌజులు బండి హ్యాండిల్‌కి తగిలించి.
ఊరంతా చీకటేనని నమ్మి చెయ్యి పెడతాడు.

పట్టీ ఊడదీశాం. మెట్ల మలుపులో దొరికింది అతుకు:
టేపు లేదేమో, దెబ్బలకేసే ప్లాస్టరు చుట్టి,
రెండిళ్ళ న్యూట్రళ్ళు ఒకే మెలికలో.
"ఎవడో దొంగపని" అన్నాడు ఇర్ఫాను.
ఆ మెలిక ఎడంచేతి వాటం.
పదమూడేళ్ళ కిందట, ఎవరింట్లోనో సీమంతమని,
ఈ లైటు అరగంటలో వేసి పోయింది నేనే.
టార్చి సరిగ్గా పట్టుకోరా అన్నాను.

మేడ నుంచి వేరే న్యూట్రల్ లాగాను,
ఎవరితోనూ కలవకుండా
తిన్నగా ఇన్వర్టరు దగ్గరికి.
మళ్ళీ రెండు మెయిన్లూ దించి, ప్రతి బోర్డులో టెస్టరు పెట్టి,
పెట్టినచోటే ఇంకోసారి పెట్టి,
ఇర్ఫాను గోడకి జారబడి గురకపెట్టేదాకా.
ఆ తీగ ఖరీదు బిల్లులో రాయలేదు.
ఎందుకని ఆవిడా అడగలేదు.

మార్గశిరంలో తుఫాను రాత్రి, రెండింటికి ఫోను.
ఏమైందో అని గుండె ఝల్లుమంది.
"దేశమ్మా? దేశమ్మా?"
జవాబు లేదు.
గుడగుడగుడ, అరవై రెండు తొట్ల బుడగలు,
వెనకాల వాన.
చాలాసేపు అలాగే పట్టుకుంది.
తర్వాత,
"విన్నావుగా, పెట్టేస్తున్నా, ఛార్జింగు దండగ."

నాకిక నిద్ర రాలేదు.
మా ఇంట్లో కరెంటు లేదు.
కిటికీలోంచి చూస్తే వీధి చివర
ఎవరిదో టార్చి, వంగి,
నీళ్ళకి దగ్గరగా.